ముక్కలు చేసినా మొత్తం కనిపించాలి: చిన్నపిల్లల లెక్కలకు ఏ సామగ్రి, ఏ వయసులో?

ఐదేళ్ళ పిల్ల ముందు ఆరు మల్లెపూలు, రెండు బంతిపూలు పెట్టి, "మల్లెలు ఎక్కువున్నాయా, పూలు ఎక్కువున్నాయా?" అని అడగండి. చాలామంది తడుముకోకుండా "మల్లెలు" అంటారు. ఎనిమిది దాకా లెక్కపెట్టడం వాళ్ళకి వచ్చు. మల్లెలు కూడా పూలేనని తెలుసు. కానీ మనసులో మల్లెల్నీ బంతుల్నీ విడదీయగానే 'పూలు' అనే మొత్తం చేజారిపోతుంది. ఇక ఎదురుగా ఉన్న రెండు గుంపుల్నే పోల్చి జవాబు చెప్పేస్తారు. స్విట్జర్లాండ్‌కు చెందిన మనస్తత్వవేత్త జాఁ పియాజే ఇదే ప్రశ్నను చెక్క పూసలతో అడిగాడు. పూసలన్నీ చెక్కవే, ఎక్కువ భాగం గోధుమరంగువి, కొన్ని తెల్లవి. గోధుమరంగు పూసలు ఎక్కువా, చెక్క పూసలు ఎక్కువా? ఏడెనిమిదేళ్ళకు గానీ సరైన జవాబు నిలకడగా రాదని 1941లో అచ్చయిన పుస్తకంలో ఆయన వివరించాడు. అడిగే తీరు మారిస్తే ఇంకా చిన్నవాళ్ళు కూడా సరిగ్గా చెప్పగలరని తర్వాతివాళ్ళు చూపించారు. పిల్లల ముందు ఏం పెడుతున్నాం, ఎలా అడుగుతున్నాం అన్నదానికి అంత బలముంది.

బడిలో మొదటి నాలుగేళ్ళ లెక్కల్లో సగానికి సగం భాగాలకీ మొత్తానికీ ఉన్న ఈ సంబంధం చుట్టూనే తిరుగుతాయి. రెండు భాగాలిచ్చి మొత్తం అడిగితే కూడిక, మొత్తమూ ఒక భాగమూ ఇచ్చి రెండోది అడిగితే తీసివేత. 43ని నాలుగు పదులుగా, మూడు ఒకట్లుగా చూడటమూ, రొట్టెలో పావు తీయడమూ ఇదే పని. అందుకే బజార్లో దొరికే పూసలు, రంగు కడ్డీలు, ప్లాస్టిక్ ముక్కలు, వర్క్‌షీట్లలో దేన్ని ఎంచుకోవాలని ఎవరైనా అడిగితే నేను ఒక్క గీటురాయి మీదే గీసి చూస్తాను. విడదీశాక కూడా అందులో మొత్తం పిల్లల కంటికి ఆనుతోందా? ఆనుతుంటే అది మంచి సామగ్రి. లేకపోతే ఎంత ఖరీదైనదైనా దాన్ని తర్వాతికి ఉంచండి.

పదిలోపు: గింజలా, గళ్ళా, పూసలా, కడ్డీలా?

నాలుగు నుంచి ఆరేళ్ళ పిల్లలకు నేను ముందు చెప్పేది చింతగింజలే. వామనగుంటలు ఆడే ఇల్లయితే వెతుక్కోవాల్సిన పని కూడా లేదు. (మూడేళ్ళ లోపు పిల్లలు ఇంట్లో ఉంటే మాత్రం గింజలు వద్దు. ముక్కులో పెట్టుకుంటారు, మింగేస్తారు. పెద్ద గుండీలో, సీసా మూతలో వాడండి.) గింజల బలం ఏమిటంటే ఎటుపడితే అటు విడిపోతాయి. ఏడు గింజల్ని ఒకటీ ఆరుగా, రెండూ ఐదుగా, మూడూ నాలుగుగా పిల్ల తన చేత్తోనే తోసుకుంటుంది. ఎన్నిసార్లు విడదీసినా మళ్ళీ దగ్గరికి తోస్తే అదే ఏడు. ఈ 'అదే' అన్న నమ్మకం కుదరడానికే కొన్ని వారాలు పట్టవచ్చు, పట్టనివ్వండి.

అయితే గింజల బలహీనత కూడా అక్కడే ఉంది. రెండు గుంపులు దూరమైతే మొత్తం మాయమైపోతుంది. దీనికి గుప్పిట ఆట మందు. ఏడు గింజలు పిల్లతోనే లెక్కపెట్టించి, కొన్ని మీ గుప్పిట్లోకి తీసుకుని, మిగతావి చాప మీద వదలండి. మూడు కనిపిస్తున్నాయనుకుందాం. "గుప్పిట్లో ఎన్నున్నాయి?"

ఇక్కడ కాస్త ఓపిగ్గా పిల్ల ముఖం చూడాలి. ఒక పిల్ల మీ గుప్పిట వంక చూసి "ఐదు... కాదు, రెండు" అని గాల్లో రాయి వేస్తుంది. ఇంకో పిల్ల చాప మీది మూడింటినీ చూసి, వేళ్ళు ఒక్కొక్కటే తెరుస్తూ "నాలుగు, ఐదు, ఆరు, ఏడు" అని, తెరిచిన వేళ్ళు చూసుకుని "నాలుగు" అంటుంది. మూడో పిల్ల అసలు వేళ్ళ జోలికే పోదు, "నాలుగు" అనేస్తుంది. రెండో పిల్లా మూడో పిల్లా ఏడుని చేజారనివ్వలేదు, వాళ్ళ మధ్య తేడా వేగంలోనే. మొదటి పిల్లకు ఏడు జారిపోయింది. ఆమెకు ఏడుతో వందసార్లు ఆడించినా లాభం తక్కువ. నాలుగు గింజలకు దించండి. నాలుగు దాకా చూడగానే తెలిసిపోతుంది, లెక్కపెట్టక్కర్లేదు, కాబట్టి మొత్తాన్ని మనసులో పట్టుకోవడం తేలిక. నాలుగు కుదిరాక ఐదు, ఆపైన ఆరు.

రెండోది టెన్ ఫ్రేమ్. ఐదేసి గళ్ళ రెండు వరసలు, అంతే. కొనక్కర్లేదు. ముప్పై కోడిగుడ్లు పట్టే అట్టలో ఐదేసి గుంటల వరసలు ఆరుంటాయి. రెండేసి వరసలుగా కత్తిరిస్తే ఒక్క అట్టకు మూడు టెన్ ఫ్రేమ్‌లు తయారు. ఏడు గుంటల్లో గింజలు వేస్తే మూడు గుంటలు ఖాళీగా కనిపిస్తాయి. ఆ ఖాళీలే గొప్ప విషయం. లేని భాగం కూడా కంటికి ఆనుతుంది, పది అనే మొత్తం ఎక్కడికీ పోదు. పదికి ఎన్ని తక్కువ అన్న ప్రశ్నకు ఇంతకన్నా మంచి సామగ్రి నాకు తెలియదు. లోపమల్లా మొత్తం ఎప్పుడూ పదే కావడం. ఏడుని నాలుగూ మూడుగా విడదీయాలంటే గళ్ళు సాయం చేయకపోగా, ఐదూ రెండు వైపే చూపు లాగేస్తాయి. కాబట్టి ఇది గింజలకు బదులు కాదు, గింజల తర్వాత రావాల్సింది.

పూసల దండ విషయానికొస్తే, నెదర్లాండ్స్ బళ్ళలో పాతుకుపోయిన పద్ధతి ఇది. అక్కడ రెండు వరసల్లో పదేసి పూసలు, ఒక్కో వరసలో ఐదు ఎర్రవి, ఐదు తెల్లవి ఉండే చట్రం కూడా వాడతారు. మన దగ్గర నూరు పూసలు పదేసి చొప్పున రెండు రంగులు మార్చి గుచ్చిన గణితమాలను ఢిల్లీలోని జోడో జ్ఞాన్ సంస్థ బాగా ప్రచారంలోకి తెచ్చింది. దండ మీద ఎనిమిదో పూస తర్వాత బట్టల క్లిప్పు పెట్టారనుకోండి. అటు ఎనిమిది, ఇటు మిగతావి. ఏదీ తెగలేదు, ఏదీ దొర్లిపోలేదు, దండ దండలాగే ఉంది. నా గీటురాయికి సరిగ్గా సరిపోయే వస్తువు ఇది. పైగా ఇదే తర్వాత సంఖ్యారేఖగా మారుతుంది. ఒకటో తరగతి టీచర్‌గారు నలభైమంది పిల్లలకు ఒకే వస్తువుతో చెప్పాలంటే గోడకు కట్టిన పెద్ద పూసల దండను మించింది లేదు. ఇంట్లో ఒక్క పిల్లకైతే ఇరవై పూసల చిన్న దండ చాలు.

రంగు కడ్డీల గురించి చాలామంది అడుగుతారు, చూడటానికి అంత ముచ్చటగా ఉంటాయి మరి. బెల్జియం బడిపంతులు జార్జ్ క్విజనేర్ వీటిని తయారు చేశాడు, 1952లో ఆయన చిన్న పుస్తకం వచ్చింది. ఒక సెంటీమీటరు తెల్ల కడ్డీ నుంచి పది సెంటీమీటర్ల నారింజ కడ్డీ దాకా పది పొడవులు, ఒక్కో పొడవుకు ఒక్కో రంగు. నాలుగు పొడవున్న ఊదా కడ్డీని నేల మీద పెట్టి, దాని పక్కనే అంతే పొడవొచ్చేలా వేరే కడ్డీలు పేర్చమనండి. మూడూ ఒకటి, రెండూ రెండు, రెండూ ఒకటీ ఒకటి... వరసని కూడా లెక్కలోకి తీసుకుంటే, ఆ ఊదా కడ్డీతో కలిపి ఎనిమిది రకాలు వస్తాయి. ఐదు పొడవుకు పదహారు. ఇక్కడ మొత్తం ఎదురుగా చెక్కుచెదరకుండా ఉంటుంది, భాగాలు దాని పక్కన వచ్చి నిలబడతాయి. ఈ ఏర్పాటు నాకు చాలా ఇష్టం.

అయినా నాలుగేళ్ళ పిల్లకు మొదటగా కడ్డీలు కొనమని చెప్పను. కడ్డీ మీద గీతలుండవు, పిల్ల లెక్కపెట్టుకోలేదు. 'పసుపు అంటే ఐదు' అని బట్టీ పట్టేస్తుంది, రంగు మరిచిపోతే ఐదూ పోతుంది. గింజలతో ఐదు, ఆరు బాగా కుదిరిన ఆరేడేళ్ళ పిల్లకైతే కడ్డీలు వరం. కొనలేకపోతే లెక్కల గళ్ళ నోటుబుక్కులోంచి ఒక గడి వెడల్పున పట్టీలు కత్తిరించి రంగులు వేయించండి. గళ్ళు కనిపిస్తుంటాయి కనుక లెక్కపెట్టుకునే వీలు కూడా దక్కుతుంది. చిన్నపిల్లలకు చెక్క కడ్డీలకన్నా ఇవే మేలనిపిస్తుంది.

నంబర్ బాండ్ బొమ్మలు, అమెరికా హోంవర్కులు

పైన ఒక సున్న, కింద రెండు సున్నలు, మధ్యలో గీతలు. పై సున్నలో మొత్తం, కింది వాటిలో భాగాలు. సింగపూర్ గణితంతో ప్రపంచమంతా పాకిన బొమ్మ ఇది. ముందు వస్తువు, తర్వాత బొమ్మ, ఆఖర్న అంకె అన్న వరస అక్కడి పద్ధతికి ప్రాణం. మన దగ్గర ప్రైవేటు బడుల వర్క్‌షీట్లలో బొమ్మ వచ్చేసింది గానీ, వస్తువు ఎక్కడో ఆగిపోయింది. గింజలు ముట్టని పిల్లకు ఈ బొమ్మ ఉత్త ఖాళీలు పూరించే ఆట. పై సున్నలో 9, కింది ఒక సున్నలో 4 ఉంటే, రెండో దాంట్లో 13 రాసి పెడుతుంది. కనిపించిన రెండు అంకెల్నీ కూడేసిందన్నమాట. అలా రాసిందంటే ఆ పేజీ మూసేసి మళ్ళీ గుప్పిట ఆటకు వెళ్ళండి. బొమ్మను వాడాలంటే కాగితం మీద కాకుండా పెద్ద పళ్ళెం ఒకటి, చిన్న పళ్ళేలు రెండు పెట్టి గింజల్ని పెద్ద దాంట్లోంచి చిన్నవాటిలోకి, మళ్ళీ వెనక్కీ జరిపించండి. అప్పుడు గీతలకు అర్థం వస్తుంది.

డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న మన తల్లిదండ్రులకు ఇక్కడ ఒక మాట. మీ పిల్ల 8 + 5ని 8 + 2 + 3 అని విడదీసి రాస్తే, "పదమూడు అని ఒక్క ముక్కలో రాయొచ్చుగా, ఎందుకీ చుట్టుతిరుగుడు?" అని విసుక్కోకండి. ఐదులోంచి రెండు తీసి ఎనిమిదిని పది చేయడం చుట్టుతిరుగుడు కాదు, సంఖ్య విడిపోతుందనీ విడిపోయినా విలువ మారదనీ తెలిసిన పిల్ల మాత్రమే చేయగల పని అది. 48 + 35 దగ్గరికి వచ్చేసరికి ఆ పిల్ల కాగితం లేకుండానే 50, 83 అనేస్తుంది. వేళ్ళు మడుచుకుంటూ ఒక్కొక్కటే కలుపుకునే పిల్ల అక్కడ చిక్కుపడుతుంది.

పదులు, ఒకట్లు: కట్టలు ముందా, బ్లాకులు ముందా?

చిన్న తరగతుల్లో చదవడం, లెక్కలు గట్టిపడాలని 2021 జులై 5న కేంద్రం మొదలుపెట్టిన నిపుణ్ భారత్ పథకం లక్ష్యాల ప్రకారం ఒకటో తరగతి పిల్లలు 99 దాకా, రెండో తరగతి పిల్లలు 999 దాకా, మూడో తరగతి పిల్లలు 9999 దాకా సంఖ్యలు చదివి రాయగలగాలి. తెలంగాణలో 2022లో వచ్చిన తొలిమెట్టు కార్యక్రమం కూడా ఈ పునాది చదువులు, లెక్కల కోసమే. లక్ష్యం మంచిదే. కానీ పెద్ద సంఖ్య చదవగలిగిన పిల్లకు ఆ సంఖ్య విడిపోవడం కూడా తెలిసిందని అనుకోకూడదు. నేను అడిగేది ఇది: "43లో పదులెన్ని?" అంటే నాలుగు అని అందరూ చెప్తారు. "43లోంచి 30 పక్కన పెడితే ఇంకేం మిగిలింది?" అంటే ఎంతమంది చెప్తారు? ఈ రెండో ప్రశ్నే అరువు తీసివేతకు అసలు తాళంచెవి. 43లోంచి 17 తీసేటప్పుడు మనం చేసేది 43ని 30గా, 13గా విడదీయడమే. అది చూడని పిల్లకు 'పక్కింటి నుంచి ఒకటి అరువు తెచ్చుకో' అన్న మాట మంత్రంలా మిగిలిపోతుంది, తెచ్చుకున్నది పది అని కూడా తట్టదు.

దీనికి ఐస్‌క్రీమ్ పుల్లలు, చీపురు పుల్లలు పదేసి రబ్బరు బ్యాండుతో కట్టిన కట్టలు ఒక దారి. ఒకట్ల గడ్డలు, పదుల కడ్డీలు, వందల పలకలుగా దొరికే ప్లాస్టిక్ బ్లాకులు రెండో దారి. బడి గణిత కిట్‌లో బ్లాకులు ఉంటే అవే బయటికొస్తాయి, నీటుగా ఉంటాయి, పుల్లల్లా చిందరవందర కావు. నేను మాత్రం కట్టలకే ఓటేస్తాను. రబ్బరు బ్యాండు తీస్తే అదే కట్ట పది పుల్లలవుతుంది. పిల్ల కళ్ళ ముందే, ఆమె వేళ్ళతోనే విడిపోయింది. ఏమీ మారలేదు. ప్లాస్టిక్ కడ్డీ అలా విరగదు. దాన్ని డబ్బాలో పడేసి, పది గడ్డలు తెచ్చుకోవాలి. ఈ మార్పిడి న్యాయమైనదేనని పిల్ల మీ మాట మీద నమ్మాలి. కట్టలతో నలభైమూడుని నాలుగైదు విధాలుగా విడదీసిన పిల్లకు ఆపైన బ్లాకులు ఇవ్వండి. వందలు దాటాక పుల్లలతో కుదరదు, బ్లాకులే దిక్కు. డబ్బు నోట్లు ఇంకా తర్వాత. పది రూపాయల నోటులో పది రూపాయి బిళ్ళలు ఎక్కడా కనిపించవు కదా.

భిన్నాలు: రొట్టె, పట్టీ, కొలపాత్ర, గింజల గుంపు

ఇక్కడే ఎంపిక కష్టమవుతుంది, ఇక్కడే తప్పుగా మొదలైతే ఆరో తరగతి దాకా వెంటాడుతుంది.

దోసెతోనో చపాతీతోనో మొదలుపెట్టడం మన ఇళ్ళలో సహజం. సగానికీ పావుకీ గుండ్రని వస్తువు నిజంగానే ఉత్తమం. ఎందుకంటే పావు ముక్కను విడిగా చూసినా దాని మూల, వంపు చూసి అది ఎంత మొత్తంలోదో పోల్చుకోవచ్చు. రొట్టెలోంచి తీసేస్తే ఆ ఖాళీ కూడా అలాగే కనిపిస్తుంది. ఇటలీ విద్యావేత్త మరియా మాంటిస్సోరి పద్ధతి బడుల్లో వాడే లోహపు వృత్తాల్లో ఇదే కిటుకు ఉంది. ఒక్కో చట్రంలో వృత్తం ఒకటి నుంచి పది దాకా సమాన ముక్కలుగా కోసి ఉంటుంది. బొడిపె పట్టుకుని ఒక ముక్క తీస్తే చట్రంలో దాని చోటు ఖాళీగా మిగులుతుంది. ఆవిడ 1939లో మద్రాసు అడయారుకు వచ్చి, యుద్ధం వల్ల కొన్నేళ్ళు ఈ దేశంలోనే ఉండి టీచర్లకు శిక్షణ ఇచ్చింది. మన ఊళ్ళలో ఆవిడ పేరు పెట్టుకున్న బడులు చాలానే ఉన్నాయి. మీ పిల్ల బడిలో ఈ చట్రాలు అలమరలో ఉంటే వాటిని బయటికి తీయమని టీచర్‌గారిని మర్యాదగా అడగండి.

గుండ్రటి వస్తువు మూడు ముక్కల దగ్గర మొరాయిస్తుంది. కాగితం మీద వృత్తం గీసి మూడు భాగాలు చేయమంటే పిల్లలు రెండు నిలువు గీతలు గీస్తారు. అంచు ముక్కలు చిన్నవి, మధ్య ముక్క పెద్దది. అవి సమానం కావని వాళ్ళకి తోచదు, ఎందుకంటే మూడు ముక్కలైతే వచ్చాయి. 'భాగాలు సమానంగా ఉండాలి' అని చెప్పి ఊరుకుంటే లాభం లేదు. పంపకం పెట్టండి. ఒకరు కోయాలి, ఎంచుకునే హక్కు ఇంకొకరిది. అన్నాచెల్లెళ్ళు ఉన్న ఇంట్లో సమానం అన్న మాటకు అర్థం ఆ పూటే తెలిసిపోతుంది.

ఏడేళ్ళు దాటిన పిల్లకు ఒక్కటే ఎంచుకోమంటే నేను కాగితం పట్టీని ఎంచుకుంటాను. పాత క్యాలెండరు కాగితాన్ని పొడుగ్గా రెండు వేళ్ళ వెడల్పున చించండి. కొస కొసకు ఆనించి మడిచి, తెరవకుండా "ఇప్పుడు ఎన్ని భాగాలు?" అని అడగండి. రెండు. మళ్ళీ మడవండి, తెరవకండి. "ఇప్పుడు?" కొందరు మూడు అంటారు, ఒకటి కలిసిందని. తెరిచి చూస్తే నాలుగు. ఇంకోసారి మడవబోయే ముందు మళ్ళీ అడగండి. ఈసారి ఆరు అనొచ్చు. తెరిచి గీతల మధ్య వేలు పెట్టి లెక్కపెడితే ఎనిమిది. అక్కడ పిల్ల తనంతట తానే ఆగి, ప్రతి భాగమూ రెండుగా తెగుతోందని గమనిస్తుంది. ఆ క్షణంలో మీరేమీ చెప్పకండి, అదే పట్టీని మళ్ళీ మడిచి మళ్ళీ తెరవనివ్వండి. సగమూ నాలుగింట రెండూ ఎనిమిదింట నాలుగూ ఒకే మడత మీదకు వస్తాయని చూపించడానికి ఇంతకన్నా సూటైన దారి లేదు.

ఒక్క జాగ్రత్త. మడవాలి, కత్తిరించకూడదు. రొట్టె ముక్కలా కాదు, పట్టీలోంచి కోసిన పావు ముక్కను విడిగా చూస్తే అది ఉత్త చిన్న పట్టీ. ఎంతలో పావో చెప్పే ఆనవాలేదీ దానికి ఉండదు. మడత గీతల మీద ఒక్కో భాగానికి రంగు వేయించండి, పట్టీ మాత్రం అలాగే ఉండాలి. మూడు భాగాల మడత కాస్త కష్టం, ఉత్తరం మడిచినట్టు రెండు వైపులా లోపలికి తిప్పి సర్దుకోవాలి. ఆ సర్దుబాటులోనే పిల్ల సమానాన్ని కొలుస్తోంది. మీరు మడిచి ఇవ్వకండి.

మూడింట ఒకటి పెద్దదా, నాలుగింట ఒకటి పెద్దదా అంటే, మూడుకన్నా నాలుగు పెద్దది కాబట్టి రెండోదే అంటారు. ఈ పొరపాటు అంతటా ఉంది. ఒకే పొడవున్న రెండు పట్టీల్ని ఒకటి మూడుగా, ఒకటి నాలుగుగా మడిచి ఒకదాని కింద ఒకటి పెడితే ఇక వాదన అవసరం ఉండదు. లవం, హారం అన్న పేర్లు ఇంత అయ్యాకే చెప్పండి. ఏ తరగతిలో ఏం నేర్పాలో చెప్పే అమెరికాలోని కామన్ కోర్ ప్రమాణాల్లో కూడా వరస ఇలాగే ఉంది. ఒకటో తరగతిలో వృత్తాన్నీ దీర్ఘచతురస్రాన్నీ రెండు, నాలుగు సమాన భాగాలు చేయడం, రెండులో మూడు భాగాలు, సంఖ్యారేఖ మీద భిన్నం మూడో తరగతిలో. పట్టీ మీద సున్న, ఒకటి రాస్తే అదే సంఖ్యారేఖ కదా. రొట్టెతో ఆ ప్రయాణం చేయలేం.

కొలపాత్రల సంగతి. పావు లీటరు, పావు కేజీ, పావు గంట అన్న మాటలు బడికి వెళ్ళకముందే పిల్లల చెవిన పడతాయి. బోలెడు సంపద ఇది, కానీ ప్రతిసారీ "దేంట్లో పావు?" అని అడిగితేనే దక్కుతుంది. పావు కేజీ 250 గ్రాములు, పావు గంట 15 నిమిషాలు. చిన్న దోసెలో సగమూ పెద్ద దోసెలో సగమూ ఒకటి కావు, అయినా రెండూ సగాలే. ఇంట్లో అమ్మమ్మ నాటి సోల, తవ్వ, మానిక ఉంటే అటక మీంచి దించండి. రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక. అంటే సోల మానికలో పావు. పాత్రలు ఊరూరికీ కాస్త తేడాగా ఉంటాయి కనుక ముందు మీరొకసారి బియ్యంతో కొలిచి చూసుకోండి. ఇబ్బంది ఏమిటంటే, మానికలో పోశాక సోలలు కలిసిపోతాయి. ఇప్పటిదాకా భాగాల వల్ల మొత్తం మాయమైతే, ఇక్కడ మొత్తంలో భాగాలే మాయమవుతాయి. నిలువుగా ఒకే లావున్న గాజు సీసాలో పోసి, ఒక్కో సోలకూ ఒక్కో గీత పెట్టిస్తే తీరిపోతుంది.

పన్నెండు గింజల్లో పావు ఎంత అన్న రకం ప్రశ్నలు అన్నిటికన్నా చివర. గింజలు విడివిడిగా ఉన్నప్పుడు 'ఒక మొత్తం' అన్న భావనే నిలవదు. పైగా జవాబు మూడు అనే మామూలు అంకెలో వస్తుంది. పావు మూడెలా అయిందని పిల్ల తికమకపడుతుంది. పదిలోపు సంఖ్యలకు రాజులా పనిచేసిన గింజలు భిన్నాల దగ్గర మొదటి మెట్టుగా పనికిరావు. ఈ తేడా చాలా పుస్తకాలు పట్టించుకోవు, నాకైతే ఇది అన్నిటికన్నా ముఖ్యమనిపిస్తుంది. పట్టీని నాలుగుగా మడిచి, ఒక్కో భాగం మీద మూడేసి గింజలు పెట్టి మొదలుపెడితే, మొత్తానికి ఒక ఇల్లు దొరుకుతుంది.

అబాకస్ క్లాసులు, యాప్‌లు

యాప్‌ల గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. తెర మీద ముక్క దానంతటదే సరైన చోట అతుక్కుంటే, పిల్ల కొలవాల్సిన పనిని యాప్ చేసేసినట్టే. ఇంట్లో పట్టీలూ గింజలూ అయ్యాక, ప్రయాణంలో కాలక్షేపానికి సరే.

అబాకస్ క్లాసులో చేర్పించాలా అని మాత్రం హైదరాబాద్, విజయవాడల్లో ప్రతి తల్లీ అడుగుతుంది. జపాన్ తరహా పూసల చట్రంలో పై పూస ఐదు, కింది నాలుగూ ఒక్కొక్కటి. ఏడంటే ఐదూ రెండు. ఐదుకీ పదికీ తక్కువపడే జతల మీదే ఆ లెక్కలన్నీ నడుస్తాయి, కాబట్టి భాగం, మొత్తం అందులోనూ ఉన్నాయి. కానీ పదిని సూచించే పూస పక్క కడ్డీ మీద ఒక్కటే పూసగా ఉంటుంది. అందులో పది ఎక్కడుందో చూపించలేం. గుప్పిట ఆటలో పది దాకా తడబడకుండా చెప్పే పిల్ల అబాకస్‌లో జోరుగా వెళ్తుంది, తాను ఏం చేస్తున్నదో కూడా తెలిసే చేస్తుంది. ఆ ఆట రాని పిల్ల 'ఐదు దించు, రెండు ఎత్తు' అన్న వేళ్ళ కదలికల్ని కంఠస్థం చేస్తుంది. చేరే ముందు ఇంట్లో గుప్పిట ఆట ఆడించి చూడండి. పది గింజలతో, ఎన్ని దాచినా, గుప్పిట తెరవకముందే చెప్పగలుగుతుంటే చేర్పించండి. లేకపోతే ఫీజు కట్టడం ఆరు నెలలు వాయిదా వేసి, ఇరవై పూసల దండ గుచ్చి, రోజూ అన్నం తిన్నాక పది నిమిషాలు కూర్చోండి.